పనిలో తెగిన వేళ్లు, ఇంట్లో పడ్డట్టు రాసిన కాగితం

మీరు అడిగిన విషయాన్ని ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, ఎందుకంటే సమాధానమంతా ఆ వివరాల మీదే నిలబడాలి. మీ తమ్ముడికి 31 ఏళ్లు. హైదరాబాదు శివార్లలో రేకులను పవర్ ప్రెస్‌ల మీద నొక్కి కోసే ఒక ప్రెస్ షాపులో కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాడు, జీతం నెలకు 18,500 రూపాయలు. 2025 ఆగస్టులో రెండో షిఫ్టులో ఉండగా పవర్ ప్రెస్ కింద పడి కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. సూపర్‌వైజరు దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించి, ఇంట్లో మెట్ల మీద నుంచి పడ్డాడని రాయించాడు. 1,90,000 రూపాయల బిల్లును కంపెనీ తీసుకున్న గ్రూప్ ఆరోగ్య బీమా కట్టింది. ఇప్పుడు 50,000 రూపాయలు ఇస్తాం, ఇక మా మీద ఏ హక్కూ లేదని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. మీ సొంత జీతం 22,500 రూపాయలు కనుక మీకు ఈఎస్ఐ (జీతం నుంచి చందా తీసుకుని కార్మికులకు వైద్యం, పరిహారం ఇచ్చే ప్రభుత్వ బీమా) లేదు, కుటుంబమంతటికీ కలిపి ఒక ఆరోగ్య బీమా ఫ్లోటర్ పాలసీ కొనుక్కున్నారు, మీకే ఇలా జరిగితే అది సరిపోతుందా అని కూడా అడిగారు.

సంతకం పెట్టనివ్వకండి. మిగతాదంతా దీని తరువాతి మాట. నేను ఇరవై ఏళ్లకు పైగా కార్మికుల నష్టపరిహారం కేసులు వాదిస్తున్నాను. ఓడిపోయిన కేసుల్లో ఎక్కువ భాగం చట్టం బలహీనంగా ఉండి ఓడిపోయినవి కావు. మొదటి రోజు ఆసుపత్రిలో రాయించిన ఒక్క వాక్యం వల్ల ఓడిపోయినవే.

ఆరోగ్య బీమా కట్టేది ఆసుపత్రి ఖర్చు. మనిషి డిశ్చార్జి అయి గేటు దాటగానే దాని పని అయిపోతుంది. పని చోట గాయానికి చట్టం ఇచ్చే పరిహారం లెక్క వేరు. ఆ మూడు వేళ్లు లేకుండా ఇక మీదట అతడు ఎంత సంపాదించగలడు, ఎంత కోల్పోయాడు అన్నది దాని ప్రశ్న. మీ తమ్ముడి విషయంలో మొదటిది 1,90,000 రూపాయల ప్రశ్న. రెండోది ఎంత పెద్ద ప్రశ్నో ఇప్పుడు చూద్దాం.

పే స్లిప్పులో ఈఎస్ఐ కింద నెలకు 139 రూపాయలు కోస్తున్నారని రాశారు. 2019 జూలై 1 నుంచి కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 18,500 మీద మీ తమ్ముడి వాటా సరిగ్గా అంతే అవుతుంది. కనుక అతడు ఈఎస్ఐ చట్టం కింద బీమా పొందిన వ్యక్తి. పని చోట గాయపడిన వ్యక్తికి ఆ చట్టం రెండు దశల్లో డబ్బు ఇస్తుంది. గాయం మానేదాకా పనికి వెళ్లలేని రోజులన్నిటికీ జీతంలో దాదాపు 90 శాతం ఇస్తారు, అంటే అతడికి రోజుకు సుమారు 555 రూపాయలు. ఇందుకు ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, ఉద్యోగంలో చేరిన మొదటి రోజు గాయపడినా వర్తిస్తుంది. గాయం మానిన తరువాత మెడికల్ బోర్డు చేతిని పరీక్షించి సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో నిర్ణయిస్తుంది. ఒక చేతి మూడు వేళ్లు పోతే చట్టం షెడ్యూలులో ఉన్న అంకె 30 శాతం. ఆ లెక్కన నెలకు సుమారు 4,995 రూపాయలు బతికినంత కాలం వస్తాయి. మళ్లీ పనిలో చేరి జీతం తీసుకుంటున్నా ఇది ఆగదు. అతడు 70 ఏళ్లు బతికితే, మధ్యలో ఈఎస్ఐ సంస్థ చేసే పెంపుదలలు ఏవీ కలపకుండానే, మొత్తం 23 లక్షల రూపాయలు దాటుతుంది. మీ ముందు పెట్టిన 50,000 రూపాయలను ఈ అంకె పక్కన పెట్టి చూడండి.

"ఇంట్లో మెట్ల మీద పడ్డాడు" అన్న మాట ఈ మొత్తాన్ని తుడిచేస్తుంది. ఇంట్లో పడినవాడికి కూడా ఈఎస్ఐ వైద్యం చేస్తుంది, కానీ అది మామూలు అనారోగ్యం కిందికి వస్తుంది. అప్పుడు జీతంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల వరకు మాత్రమే, అదీ చందా రోజుల షరతు తీరితేనే ఇస్తారు. జీవితాంతం పింఛను అన్న మాటే ఉండదు. అంటే ప్రమాదం ఎక్కడ జరిగిందని రాశారన్న దాన్ని బట్టి అదే చేతికి, అదే వేళ్లకు, అదే చట్టం కింద 23 లక్షల తేడా వస్తుంది.

సూపర్‌వైజరు అలా ఎందుకు రాయించాడో కూడా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే రేపు మీరు కంపెనీతో మాట్లాడేటప్పుడు అది పనికొస్తుంది. ఈఎస్ఐలో చందా రేటు అందరికీ ఒకటే. ఏడాదికి పది చేతులు తెగే ప్రెస్ షాపూ 3.25 శాతమే కడుతుంది, కంప్యూటర్ల ముందు కూర్చునే ఆఫీసూ 3.25 శాతమే కడుతుంది. ఒక ప్రమాదాన్ని ఈఎస్ఐకి తెలియజేసినంత మాత్రాన ఆ కంపెనీ చందా మరుసటి ఏడాది ఒక్క రూపాయి కూడా పెరగదు. గ్రూప్ ఆరోగ్య బీమా అలా కాదు. దాని ప్రీమియంను ప్రతి ఏటా రెన్యువల్ సమయంలో, గడిచిన ఏడాది ఎంత క్లెయిమ్ అయ్యిందో చూసి తిరిగి లెక్క కడతారు. అంటే మీ తమ్ముడి బిల్లును ఆరోగ్య బీమా మీదికి తోసిన కంపెనీ, తన ఖర్చు పెరగని చోట నుంచి పెరిగే చోటికి దాన్ని తానే మార్చుకుంది. డబ్బు లెక్కలో ఇది వాళ్లకే నష్టం. అయినా చేస్తున్నారంటే భయం మరొక చోట ఉంది. పని చోట గాయపడిన మనిషి 48 గంటలు పనికి రాలేకపోతే, ఈ ప్రమాదం నాటికి అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షను కింద ఇన్‌స్పెక్టరుకు నోటీసు ఇవ్వాలి. ఇన్‌స్పెక్టరు వస్తే ఆ ప్రెస్‌కు చెయ్యి లోపలికి పోకుండా ఆపే గార్డు ఉందా, ఉంటే ఎవరు తీయించారు, ఉత్పత్తి తొందరలో ఎన్నాళ్లుగా తీసి నడుపుతున్నారు అని అడుగుతాడు. ఆ ప్రశ్నలను తప్పించుకోవడానికే మెట్లు పుట్టాయి.

ఒకే రేటు అన్న విధానం వల్ల ప్రమాదాలు తగ్గించే ఒత్తిడి యజమాని మీద పడదన్న విమర్శలో నిజం ఉంది. జర్మనీలో 1884లో వచ్చిన ప్రమాద బీమా చట్టం మొదలుకొని, చాలా దేశాలు వృత్తిలోని ప్రమాదాన్ని బట్టి చందా నిర్ణయిస్తాయి. అయితే గాయాలను బట్టి చందా పెరిగితే గాయాన్ని దాచాలన్న కోరిక కూడా అంతే పెరుగుతుంది. మన దగ్గర చందా పెరగదని తెలిసీ దాస్తున్నారంటే, పెరిగే పద్ధతి వస్తే ఎన్ని దాస్తారో ఊహించుకోండి. రేట్లు మార్చడానికి ముందు ఆసుపత్రిలో సరిగా రాయించడం, ఇన్‌స్పెక్టరు నిజంగా రావడం ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. ఇలా తప్పు రాసిన బిల్లుల్లో కొన్ని ఆరోగ్యశ్రీ మీదికి కూడా వెళుతున్నాయి, అప్పుడు గార్డు తీసేసిన ప్రెస్ ఖర్చును పన్ను కట్టే జనం భరిస్తున్నట్టే.

ఇక తప్పుగా రాసిన కాగితాన్ని ఎలా ఎదుర్కోవాలి? డిశ్చార్జి సమ్మరీ ఒక్కదాన్నే చూసి నిరాశ పడకండి. అది చివర్లో టైపు చేసే కాగితం. ఆసుపత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి మొత్తం కేసు షీటు అడగండి. అత్యవసర విభాగంలో డ్యూటీ డాక్టరు చేత్తో రాసిన మొదటి పేజీ, ఎక్స్‌రేలు, అనస్థీషియా కాగితాలు, అన్నిటికంటే ముఖ్యంగా ఆపరేషన్ నోట్స్ అందులో ఉండాలి. రోగి అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళిలోనే ఉంది. అదే నియమావళి ప్రకారం చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు రికార్డులు భద్రపరచాలి. కనుక మీకు ఇంకా వ్యవధి ఉంది, కానీ ఆలస్యం చేయకండి.

నేను చూసిన ఒక కేసు చెబుతాను. అందులోనూ స్నానాల గదిలో జారిపడ్డాడనే రాశారు. సర్జను మాత్రం ఆపరేషన్ నోట్స్‌లో తన అలవాటు ప్రకారం ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు: నలిగి తెగిన గాయం, లోపల గ్రీజు, సన్నటి ఇనుప రజను, సెలైన్‌తో పలుమార్లు కడిగాము. స్నానాల గదిలో గ్రీజూ ఇనుప రజనూ ఎక్కడివని అడిగితే కంపెనీ వకీలు దగ్గర సమాధానం లేకపోయింది. ఆ ఒక్క పంక్తి మీద కేసు నిలబడింది. మెట్ల మీద నుంచి పడితే చెయ్యి విరుగుతుంది, మణికట్టు చిట్లుతుంది. మూడు వేళ్లు ఒకే వరసలో నలిగి తెగిపోవు. ఈ మాట ఎముకల డాక్టరు ఎవరైనా చెప్పగలడు, మెడికల్ బోర్డులో కూర్చునేది కూడా డాక్టర్లే.

దీనికి తోడు ఆ రోజు హాజరు వివరాలు, గేటు దగ్గర వేలిముద్ర పడిన సమయం, సూపర్‌వైజరు పంపిన వాట్సాప్ సందేశాలు, ఆసుపత్రికి తీసుకెళ్లిన బండి వివరం దాచి ఉంచండి. పక్క మిషను మీద పనిచేసిన వాళ్లు ఇప్పుడు భయపడి మాట్లాడకపోవచ్చు, వాళ్లను ఒత్తిడి చేయకండి. విచారణలో అధికారి పిలిచి అడిగితే నిజం చెప్పేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఉద్యోగ సమయంలో జరిగిన ప్రమాదం ఉద్యోగం వల్లే జరిగిందని, వ్యతిరేకంగా రుజువు లేనంతవరకు భావించాలని ఈఎస్ఐ చట్టం 51ఎ సెక్షను చెబుతోంది. అంటే షిఫ్టులో ఉండగా జరిగిందని మీరు చూపితే చాలావరకు భారం అవతలి వైపు మారుతుంది.

"గార్డు వాడే తీసుకున్నాడు" అన్న మాట కూడా వస్తుంది, దాదాపు ప్రతి ప్రెస్ కేసులోనూ వస్తుంది. ఈఎస్ఐ కింద అది పనికిరాదు. యజమాని పని కోసం చేస్తున్నప్పుడు కార్మికుడు ఏదైనా నిబంధనను ఉల్లంఘించినా అది పని చోట గాయమేనని 51బి సెక్షను చెబుతోంది.

కాంట్రాక్టరు కింద ఉన్నాడు కదా అన్న సందేహం వద్దు. అసలు ఫ్యాక్టరీ యజమానినే చట్టం ప్రధాన యజమానిగా చూస్తుంది. పే స్లిప్పులో 139 రూపాయలు కోసి, ఆ డబ్బు ఈఎస్ఐకి కట్టకుండా ఉండి ఉండవచ్చు కూడా. మీ తమ్ముడి ఐపీ నంబరుతో (ఈఎస్ఐలో అతడి బీమా నంబరు) ఈఎస్ఐ పోర్టల్‌లో చందాలు పడ్డాయో లేదో చూడండి. పడకపోయినా హక్కు పోదు. ఈఎస్ఐ చట్టం 68వ సెక్షను ప్రకారం ఈఎస్ఐ సంస్థ కార్మికుడికి ఇచ్చి, యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చు. ఉద్యోగంలో చేరి ఇంకా పేరు నమోదు కాకముందే చనిపోయిన కార్మికుడి కేసులో కూడా, నియామకం నాటి నుంచే అతడు బీమా పరిధిలో ఉన్నట్టేనని భారగత్ ఇంజనీరింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఒక విషయంలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఈఎస్ఐ కింద హక్కు ఉన్నవాడు అదే గాయానికి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద మళ్లీ యజమాని నుంచి పరిహారం అడగడానికి వీల్లేదు. 53వ సెక్షను ఆ దారి మూసేసింది, 1996లో ట్రెహాన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది. రెండూ ఇప్పిస్తామని ఫీజు తీసుకునేవాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గరికి వెళ్లకండి. నష్టపోయామని కూడా అనుకోనవసరం లేదు, మీ తమ్ముడి వయసుకూ జీతానికీ ఈఎస్ఐ పింఛనే మేలు.

అది ఎంత మేలో మీ సొంత ప్రశ్నకు జవాబు చెబితే తేలుతుంది. జీతం 21,000 రూపాయలు దాటితే ఈఎస్ఐ వర్తించదు. ఈ పరిమితి 2017 జనవరి 1 నుంచి మారలేదు. మీరు దాన్ని ఈ మధ్యే దాటి ఉంటే, ఆ చందా కాలం ముగిసేదాకా, అంటే సెప్టెంబరు చివరికో మార్చి చివరికో, ఈఎస్ఐలోనే ఉంటారు. ఇంకొక మాట, పరిమితి లెక్కలో ఓవర్‌టైమ్ కలపకూడదు. ఓవర్‌టైమ్ కలిపి 21,000 దాటించి కార్మికుడిని ఈఎస్ఐ నుంచి తప్పించిన పే స్లిప్పులు నా దగ్గరికి చాలా వచ్చాయి. మీదీ ఒకసారి చూసుకోండి.

నిజంగానే మీరు బయట ఉంటే, 2025 నవంబరు 21 దాకా మీకు వర్తించింది 1923 నాటి నష్టపరిహార చట్టం. ఇప్పుడు దాని స్థానంలో కొత్త కోడ్ ఉంది, దాని సంగతి కింద చెబుతాను. ఆ పాత చట్టం కింద, మీ తమ్ముడి వయసులో, అతడికి తగిలిన గాయమే తగిలితే లెక్క ఇలా ఉంటుంది. జీతం ఎంత ఉన్నా లెక్కకు తీసుకునేది 15,000 రూపాయలే, 2020 జనవరిలో నిర్ణయించిన పరిమితి ఇది. అందులో 60 శాతం 9,000. 31 ఏళ్లకు షెడ్యూలులో ఉన్న గుణకం 205.95. ఈ రెండింటినీ గుణిస్తే 18,53,550, అందులో 30 శాతం 5,56,065 రూపాయలు. ఇది ఒక్కసారి ఇచ్చే మొత్తం. దీన్ని బ్యాంకులో 7 శాతం వడ్డీకి వేస్తే నెలకు సుమారు 3,240 రూపాయలు వస్తాయి. 18,500 జీతం ఉన్నవాడికి నెలకు 4,995, 22,500 జీతం ఉన్నవాడికి 3,240. జీతం పెరిగినందుకు చేతి విలువ తగ్గింది. పైగా ఈఎస్ఐలో ఇచ్చేది సంస్థ, ఇక్కడ ఇవ్వాల్సింది యజమాని జేబు. అతడి దగ్గర నష్టపరిహార బీమా పాలసీ లేకపోతే ఉత్తర్వు తెచ్చుకున్నాక కూడా వసూలు కోసం తిరగాలి. కావాలని గార్డు తీసేశాడన్న వాదన కూడా ఈ చట్టం కింద, మరణమో శాశ్వత పూర్తి వైకల్యమో కాని గాయాల్లో, యజమానికి కొంత పనికొస్తుంది. కావాలని తీశాడని రుజువు చేయాల్సింది మాత్రం అతడే.

అయితే ఈ చట్టంలో కార్మికుడికి బలమైన చోటు ఒకటి ఉంది. షెడ్యూలులోని శాతం కింది హద్దు, పై హద్దు కాదు. 1975 డిసెంబరులో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో, ఎడమచేయి మోచేతి పైన తీసేసిన ఒక వడ్రంగి విషయంలో, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కనుక నష్టం 100 శాతమేనని సుప్రీంకోర్టు చెప్పింది. పరిహారం ప్రమాదం జరిగిన రోజే బాకీ పడుతుందని కూడా ఆ తీర్పే చెప్పింది. నెలలోగా ఇవ్వకపోతే ఏటా 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా పడతాయి. ఆ పాత చట్టంలో దరఖాస్తుకు గడువు ప్రమాదం నుంచి 2 ఏళ్లు.

కనుక మీ ఫ్లోటర్ పాలసీ ఆసుపత్రి బిల్లుకు సరిపోవచ్చు, చేతికి సరిపోదు. దాన్ని మానుకోకండి, దానితో పాటు వ్యక్తిగత ప్రమాద బీమా ఒకటి తీసుకోండి. శాశ్వత పాక్షిక వైకల్యానికీ, పనికి వెళ్లలేని వారాలకూ డబ్బు ఇచ్చే పాలసీ కావాలి, మరణానికి మాత్రమే ఇచ్చేది కాదు. వేళ్లకు ఎంత శాతం ఇస్తారో పాలసీ పట్టికలో చదివి కొనండి. మీ సొంత డబ్బుతో కొన్న ఆ పాలసీ మొత్తం, యజమాని ఇవ్వాల్సిన పరిహారంతో సంబంధం లేకుండా మీకు వస్తుంది. మీ కంపెనీకి ఉద్యోగుల నష్టపరిహార పాలసీ ఉందా అని కూడా అడగండి, అడగడం తప్పు కాదు.

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి ఈ రెండు చట్టాలనూ తనలో కలుపుకుంది. మీ తమ్ముడి ప్రమాదం దానికి ముందే జరిగింది, పరిహారం లెక్కకు ప్రమాదం నాటి చట్టమే ఆధారం, కాబట్టి పైన చెప్పినవన్నీ పాత చట్టాల సెక్షన్లే. ఇక మీదట జరిగే వాటికి కోడ్ చూడాలి.

గ్రూప్ బీమా క్లెయిమ్ కాగితం మీద మీ తమ్ముడి సంతకం ఉందని భయపడుతున్నారు. ఆపరేషన్ రోజు, మత్తు దిగకముందు, ఎడమచేత్తో గీయించిన సంతకం అది. నిజం చెప్పడానికి ముందుకు వచ్చిన కార్మికుడి నుంచి చికిత్స ఖర్చు వెనక్కి అడిగిన బీమా సంస్థను నా అనుభవంలో చూడలేదు. వాళ్లు అడిగితే కంపెనీనే అడుగుతారు. బీమా సంస్థకు కూడా ఒక ఉత్తరం రాసి జరిగింది జరిగినట్టు చెప్పడం మంచిది, ఎంత త్వరగా రాస్తే అంత నమ్మకం. ఈఎస్ఐ నుంచి తాత్కాలిక వైకల్య భత్యం తీసుకుంటున్న కాలంలో అతడిని ఉద్యోగం నుంచి తీసేయడం 73వ సెక్షను కింద చెల్లదని కూడా గుర్తుంచుకోండి.

ముందుగా పంపాల్సిన ఉత్తరం ఫ్యాక్టరీ యజమానికి, కాంట్రాక్టరుకు, ఈఎస్ఐ బ్రాంచి మేనేజరుకు కలిపి రాయండి, నకలు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు పంపండి. ప్రమాదం తెలియజేసే 12వ నంబరు ఫారం నింపాల్సింది యజమాని, అతడు నింపకపోతే బ్రాంచి మేనేజరు విచారణ జరపగలడు. భాష సాదాగా ఉండాలి, ఎవరినీ తిట్టకూడదు. ఇలా సరిపోతుంది:

"నేను మీ ఫ్యాక్టరీలో పవర్ ప్రెస్ మీద పనిచేస్తున్నాను. ఫలానా తేదీన రెండో షిఫ్టులో, ఫలానా సమయానికి, ప్రెస్ దిగి నా కుడిచేతి మూడు వేళ్లు తెగిపోయాయి. ఆసుపత్రిలో ఈ గాయం ఇంటి దగ్గర జరిగినట్టు రాశారు. అది నిజం కాదు, ఆ మాట నేను చెప్పినది కాదు. ఇది పని చోట జరిగిన గాయంగా నమోదు చేసి, 12వ నంబరు ఫారం సమర్పించి, నన్ను మెడికల్ బోర్డుకు పంపించవలసిందిగా కోరుతున్నాను."

తేదీ, సమయం, మిషను నంబరు నింపి, మీ తమ్ముడి చేత ఎడమచేత్తోనే సంతకం పెట్టించి, రసీదుతో రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ రసీదులు, తిరిగి వచ్చే అంగీకార కార్డులు, పే స్లిప్పులు, కేసు షీటు నకలు అన్నీ ఒకే కవరులో పెట్టి ఇంట్లోనే ఉంచండి. బోర్డు ముందుకు వెళ్లే రోజు ఆ కవరుతో పాటు, అతడు ఏ పని చేసేవాడో చూపించడానికి ప్రెస్‌లో రోజూ పట్టుకునే రేకు ముక్క లాంటిది ఒకటి తీసుకెళ్లండి. మూడు వేళ్లు లేని చేతికి దాని మీద పట్టు దొరకదని డాక్టర్లు కళ్లారా చూడాలి. బోర్డు వేసిన శాతం తక్కువని మీకు అనిపిస్తే మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కో ఈఎస్ఐ కోర్టుకో వెళ్లవచ్చు. ఆ ఉత్తర్వు చేతికి వచ్చిన రోజు దాని మీద తేదీ రాసుకుని ఉంచండి, అప్పీలు గడువు ఆ తేదీ నుంచే లెక్కిస్తారు.